ఏమీ చేయదు లేప్పా, రా!

కుక్క ఉన్న ఇంటి గేటు ముందు నిలబడ్డ మనిషికి మన దగ్గర దొరికే రక్షణ ఒక్కటే. వరండాలోంచి ఓ మాట వినబడుతుంది: "ఏమీ చేయదు లేప్పా, రా!"

మాట అన్నాయన పడక్కుర్చీలో ఉంటాడు. చేతిలో పేపరు, పక్కన స్టూలు మీద కాఫీ గ్లాసు. విన్నవాడు గేటు గడియ మీద చెయ్యి వేసి, వెనక్కి తీసుకుని, మళ్లీ వేస్తుంటాడు. ఇద్దరి మధ్యా జర్మన్ షెపర్డ్ ఒకటి ముందుకాళ్లు గేటుకు ఆనించి నిలబడి, ఉన్న పళ్లన్నీ ఒకేసారి చూపిస్తుంటుంది. దాని పేరు టైగర్. ఆ పేరు పెట్టింది కుర్చీలోని ఆయనే. పులని పేరు పెట్టి, పులిలా పెంచి, పులిలా తయారైందని బంధువులందరికీ వాట్సాప్‌లో వీడియోలు పంపి, గేటు బయటివాడికి మాత్రం అది కుందేలని చెప్తాడు. వాడు నమ్మకపోతే నవ్వుతాడు. "ఇంత పిరికోడివేమప్పా!"

మన ఊరు కదిరికి పేరు తెచ్చిన సరుకు వేరే ఉంది. మల్లెలున్నాయి, కుంకుమ ఉంది. మన వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పుట్టిన కదిరి-6, కదిరి లేపాక్షి లాంటి వేరుశనగ రకాలు ఈ జిల్లా దాటి ఎక్కడెక్కడో పండుతున్నాయి. అయితే ఈ మధ్య కొత్త కాలనీల్లో ఇంకో పంట ఎక్కువైంది. రాట్‌వీలర్, పిట్‌బుల్, డాబర్‌మన్. దీనికి వాన అక్కర్లేదు, బోరు అక్కర్లేదు, ఇన్‌పుట్ సబ్సిడీ అంతకన్నా అక్కర్లేదు. ఫోన్లో ఒక రీలు చూస్తే చాలు, మొలక వస్తుంది. నెల్లాళ్లు తిరక్కుండా బెంగళూరు నుంచి అట్టపెట్టెలో ఓ పిల్ల దిగుతుంది. దిగిన రోజు ఇంటిల్లిపాదీ ఫొటోలు దిగుతారు. ఆ తర్వాత దాన్ని మెట్ల కింద కట్టేస్తారు. బయటికి తీసుకుపోతే జబ్బులొస్తాయని కొందరు, నలుగురికీ అలవాటైతే కాపలా కాయదని ఇంకొందరు.

ఆ రెండో కారణం వినండి, అందులోనే కథంతా ఉంది. కుక్కపిల్లకు మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా లోకం అంటే ఏమిటో తెలిసే వయసు. గడ్డం ఉన్న మనిషి, బురఖా వేసుకున్న ఆడమనిషి, హెల్మెట్ పెట్టుకున్న కుర్రాడు, నెత్తిన గంప, చేతిలో కర్ర, సైకిలు గంట, ఆటో మోత అన్నీ అప్పుడే చూడాలి, విని ఊరుకోవాలి. అప్పుడు చూసినవి దానికి మామూలు సంగతులు. చూడనివన్నీ అపాయాలు. సరిగ్గా ఆ వయసులోనే మనవాళ్లు దాన్ని మెట్ల కింద దాచి, ఏడాది తిరిగాక "కొత్తోళ్లంటే అస్సలు పడదు సార్ మా టైగర్‌కు" అని మీసం తిప్పుతారు. పడకపోవడం దాని శౌర్యమని ఆయన లెక్క. అందులో చాలా భాగం భయమే. భయపడే నలభై కిలోల జంతువు ఎంత ప్రమాదమో ఆయనకు తెలియదు. గేటు బయటివాడికి తెలుసు.

హస్కీ గురించి ఒక్క మాట చెప్పకపోతే పాపం తగులుతుంది. మంచుదేశంలో బండ్లు లాగడానికి పుట్టిన జాతి అది, ఒంటి నిండా రెండు పొరల బొచ్చు. దాన్ని తెచ్చి, వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఈ కరువు పీఠభూమిలో, రేకుల షెడ్డు కింద, రెండు మూరల గొలుసుకు కట్టేస్తారు. అది నాలుక వేలాడేసి రొప్పుతుంటే చూసిపోయే పిల్లలతో "నవ్వుతోంది చూడు" అంటారు. కుక్కను ఎప్పుడూ కట్టేసే ఉంచి తిప్పకపోవడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. మొదటిసారి తప్పుకు జరిమానా తక్కువలో తక్కువ పది రూపాయలు, ఎక్కువలో ఎక్కువ యాభై. ఆ డబ్బుకు ఇవాళ కుక్కబిస్కెట్ల పెద్ద ప్యాకెట్టు కూడా రాదు. చట్టం చేసినవాళ్లూ పడక్కుర్చీల్లోనే ఉన్నారేమో అనిపిస్తుంది.

సరే, అసలు సంగతికొద్దాం. టైగర్ ఏం చేస్తుందో యజమానికి తెలియదని మనం ఇన్నాళ్లూ జాలిపడ్డాం. తెలియక కాదు, బాగా తెలుసు. నమ్మకం కుదరకపోతే ఆ ఇంటికి ఎమ్మెల్యే గారు వచ్చిన రోజు చూడండి. కారు సందు మలుపు తిరగకముందే టైగర్ వెనక వాకిట్లోకి మాయమవుతుంది. గొలుసు రెండు మడతలు. తలుపు గడియ. గడియకు అడ్డంగా ఓ ఇటుక. పైగా పనిమనిషిని కాపలా పెట్టి "వదిలినావంటే చూడు" అని హెచ్చరిక. అమ్మాయిని చూడ్డానికి మగపెళ్లివారు వచ్చిన నాడూ ఇంతే. బ్యాంకు మేనేజరు లోను ఫైలుతో ఇల్లు చూడ్డానికి వచ్చిన నాడూ ఇంతే. ఆ రోజుల్లో "ఏమీ చేయదు, రండి" అనే మాట ఆ వరండాలో పుట్టదు. "కట్టేశాం సార్, మీరు నిశ్చింతగా రండి" అనే మాట పుడుతుంది.

మరి "ఏమీ చేయదు" ఎవరికి? పాలు పోసేవాడికి. మినరల్ వాటర్ క్యాను భుజాన వేసుకొచ్చే కుర్రాడికి. కరెంటు మీటరు చూసే అబ్బాయికి. చెత్తబండి వెంట వచ్చే పారిశుద్ధ్య కార్మికురాలికి. జ్వరాల సర్వే అని చేతిలో పుస్తకంతో తిరిగే ఆశా కార్యకర్తకు. వీళ్లకోసం కుర్చీలోంచి లేచి, చెప్పులేసుకుని, పది అడుగులు నడిచి, గొలుసు పట్టుకోవడం అంటే పెద్ద పని. అందుకని ఓ మాట విసిరి సరిపెడతారు. కుక్క కొత్తవాళ్లలో ఎవరు గొప్పో ఎవరు పేదో చూడదు. ఆ చూపు యజమానిది.

గ్యాసు బండ మోసుకొచ్చే మనిషి సంగతి చూడండి. నిండు సిలిండరు దాదాపు ముప్ఫై కిలోలు. అది భుజం మీద ఉండగా గేటు తోస్తాడు. టైగర్ దూకుతుంది. అప్పుడు వరండాలోంచి రెండో ఉపదేశం: "పరిగెత్తొద్దప్పా! నువ్వు భయపడితే దానికి తెలిసిపోతాది." అంటే బండ మోసే బలం ఒక్కటే చాలదు, వాడికి ప్రాణాయామం కూడా వచ్చి ఉండాలి. గుండె దడను అదుపులో పెట్టుకోవాలి, చెమట వాసన రానీయకూడదు, కుక్క కళ్లలోకి చూడకూడదు, వీపు తిప్పకూడదు, బండ కింద పడేయకూడదు. ఇన్ని నియమాలు పాటించవలసింది జీతానికి వచ్చినవాడు. కుక్కను కొన్నాయన పాటించవలసిన నియమం ఒక్కటి కూడా లేదు. ఇక్కడికి దగ్గర్లోనే కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. గోచీ కూడా లేకుండా ఊళ్లు తిరిగాడని చెప్పుకునే ఆ మహానుభావుడు మన కాలనీ గేటు ముందుకు వస్తే టైగర్ ఏం చేసి ఉండేదో ఊహించడానికే కాళ్లు వణుకుతున్నాయి.

నవ్వులాటకు ఇక్కడ కాస్త విరామం ఇవ్వాలి. 2023 జనవరిలో హైదరాబాదు బంజారాహిల్స్‌లో ఓ అపార్ట్‌మెంట్ మూడో అంతస్తుకు భోజనం పార్శిల్ తీసుకెళ్లాడు ఇరవైమూడేళ్ల కుర్రాడు. తలుపు తెరుచుకుంది. జర్మన్ షెపర్డ్ మీదికి ఉరికింది. తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. నిమ్స్ ఆస్పత్రిలో ప్రాణం పోయింది. అతని ప్రాణం తీసింది కుక్క పంటిగాటు కాదు. "మా కుక్క ఎవర్నీ చంపలేదు" అని చెప్పుకోవడానికి ఆ ఇంటివాళ్లకు అవకాశం ఉంది, అదే ఈ కథలో భయంకరమైన సంగతి. నాలుగు నెలలు తిరిగాయో లేదో, మే నెలలో మణికొండలో అదే కథ. పరుపు డెలివరీకి వెళ్లినతను, డాబర్‌మన్ మీదికి రాబోతే మూడో అంతస్తు నుంచి దూకేశాడు. ఎముకలు విరిగాయి గానీ బతికాడు. రెండు చోట్లా తలుపు తెరిచే ముందు కుక్కను ఇంకో గదిలో పెట్టి గడియ వేయడానికి అర నిమిషం చాలు.

కరిచాక యజమాని చేసే వాదన వినసొంపుగా ఉంటుంది. ముందు "కరవలేదు, గీరుకుంది." రక్తం కనిపిస్తే "ఆడుకోవడానికి వచ్చింది." కుట్లు పడితే "నువ్వే ఏదో చేసి ఉంటావ్." వీధిలో నలుగురు పోగైతే "ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇట్లా చేయలేదు, ఇదే మొదటిసారి." ఆ మొదటిసారి ప్రతి ఏడాదీ వస్తుంటుంది. చివరికి జేబులోంచి రెండు వంద నోట్లు తీసి, "పోయి టీటీ వేయించుకో" అని ఔదార్యం. టీటీ ఇంజెక్షన్ ధనుర్వాతానికి. పిచ్చికుక్క జబ్బుకు అది అడ్డం కాదు. ఈ ఊళ్లో ఎంతమంది ఆ రెండొందలు పుచ్చుకుని, టీటీ పొడిపించుకుని, పసుపో కారమో సున్నమో అద్దుకుని పనిలోకి పోయారో!

ఆ జబ్బు సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ నుంచి బతికి బట్టకట్టినవాళ్లు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఆ జబ్బుతో పోయేవాళ్లలో మూడోవంతుకు పైగా, 36 శాతం, మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పంటిగాటు చిన్నదైనా సరే, ముందు సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పావుగంట కడగాలి. కట్టు బిగించకూడదు, పసరు పూయకూడదు. అదే రోజు ప్రభుత్వ ఆస్పత్రికి పోతే టీకా ఉచితం. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి సూది ఆ రోజే, ఆ తర్వాత మూడు, ఏడు, ఇరవై ఎనిమిది రోజులకు. చర్మం చీలి రక్తం వస్తే ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి, అడిగి వేయించుకోవాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అనే భయం తాతల నాటిది, ఆ పద్ధతి ఎప్పుడో పోయింది.

"మాది పెంపుడు కుక్కప్పా, దానికెందుకు వస్తాది రేబిస్?" అని ఓ మాట ఉంది. సోఫా మీద పడుకునే కుక్కకు వైరస్ మర్యాద చేస్తుందని ఎవరు చెప్పారో! టీకా వేయించని కుక్క గేటు సందులోంచి మూతి పెట్టి వీధి కుక్కతో ఒక్కసారి కొట్లాడితే చాలు. టీకా పుస్తకం చూపించమని అడిగి చూడండి. "వేయించాం లే, ఎప్పుడో" అంటారు. ఎప్పుడో వేయించినది ఎప్పుడో పనిచేసి ఊరుకుంటుంది, ఏటేటా వేయించాలి. 1885 జూలై 6న పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన ఓ పిల్లవాడికి తొలి టీకా వేయించాడు. ఏటా ఆ తేదీన మన రాష్ట్రంలో పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు. తిండి కోసం నెలకు ఐదు వేలు పోసే కుక్కకు ఊరికే వేసే టీకా కోసం ఆస్పత్రి దాకా నడవడం మాత్రం బరువు.

ఇక బోర్డు. 'కుక్కలున్నాయి జాగ్రత్త'. ఎర్ర అక్షరాలు, పక్కన నోరు తెరుచుకున్న కుక్క బొమ్మ. కొన్ని ఇళ్లలో కుక్క చచ్చిపోయి ఏళ్లయినా బోర్డు మాత్రం ఉంటుంది, కొన్ని ఇళ్లలో కుక్కను కొనకముందే బోర్డు కొంటారు. బోర్డు తగిలిస్తే తన పూచీ తీరిపోయిందనీ, లోపల ఏం జరిగినా వచ్చినవాడి కర్మేననీ కాలనీ న్యాయశాస్త్రం. చట్టం ఇంకోలా ఉంది. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను, అంతకుముందు పీనల్ కోడ్‌లో 289, ఒకే మాట చెప్తాయి: తన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి గానీ, తీవ్రమైన గాయం కావడానికి గానీ అవకాశం ఉందని తెలిసి, లేదా నిర్లక్ష్యం వల్ల, తగిన జాగ్రత్త తీసుకోనివాడికి ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. జరిమానా అప్పట్లో వెయ్యి, 2024 జూలై నుంచి ఐదు వేల దాకా. జాగ్రత్త తీసుకోవలసినవాడు జంతువు గలవాడు. పాలవాడు కాదు. కుక్క ప్రమాదమని తనకు ముందే తెలుసని చెప్పే సాక్ష్యం కావాలంటే పోలీసులు ఎక్కడా వెతకక్కర్లేదు. గేటుకు మేకు కొట్టి తగిలించి ఉంది, అదీ ఎర్ర అక్షరాల్లో.

మన పిల్లలు వెళ్లి స్థిరపడ్డ కాలిఫోర్నియాలో అయితే ఇంకా తేలిక. పనిమీద ఇంటికొచ్చినవాణ్ణి కుక్క కరిస్తే, అది అంతకుముందు ఎవర్నైనా కరిచిందా లేదా అని అడగరు. నష్టం యజమాని కట్టాలి, అంతే. బ్రిటన్‌లో 1991 నుంచీ ప్రమాదకరమైన కుక్కలకు చట్టం ఉంది. 2014లో దాన్ని సొంత ఇంటి ఆవరణకు కూడా వర్తింపజేశారు. ఇక్కడ "ఏమీ చేయదు లేప్పా" అన్నాయనే కొడుకు దగ్గరికి అమెరికా పోయినప్పుడు కుక్క తాడు మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని, సంచీ పట్టుకుని, ఎదురొచ్చేవాళ్లకు దారి వదిలి, "సారీ" చెప్పుకుంటూ నడుస్తాడు. విమానం దిగి కదిరి చేరేసరికి ఆ సంస్కారం కస్టమ్స్‌లో పట్టుబడిపోతుంది.

యజమానికి ఇంకో డాలు దొరికింది: వీధి కుక్కలు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాణ్ణి వీధి కుక్కలు చంపేశాయి. 2024లో దేశంలో 37 లక్షలకు పైగా కుక్కకాట్లు నమోదయ్యాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ వీధి కుక్కల మీద ఒక ఉత్తర్వు ఇచ్చి, పది రోజులు గడిచాక దాన్ని సవరించింది. దేశం రెండుగా చీలి కొట్లాడుకుంది. ఆ గోల మధ్య మన పెద్దమనిషి నిబ్బరంగా కాలు మీద కాలు వేసుకుని, "మున్సిపాలిటీ ఏం చేస్తోందప్పా?" అని అడిగాడు. అడిగేటప్పుడు టైగర్ ఆయన పక్కనే ఉంది, మున్సిపాలిటీ చెత్తబండిని చూసి గుర్రుమంటూ. ఇంకో సంగతి కూడా ఆయన తన పద్ధతిలో అర్థం చేసుకున్నాడు. 2024 మార్చిలో కేంద్రం పిట్‌బుల్, రాట్‌వీలర్ వగైరా 23 జాతుల మీద ఆంక్షలు పెట్టమని రాష్ట్రాలకు రాసింది. సంబంధం ఉన్నవాళ్లను సంప్రదించలేదని ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. "చూసినావా, హైకోర్టే చెప్పింది, పిట్‌బుల్ సాధువని!"

జాతి మీదే నెపం వేయడం నాకూ నచ్చదు. కరిచే నాటుకుక్కలున్నాయి, పసిపిల్లలను పక్కన పడుకోబెట్టుకునే రాట్‌వీలర్లూ ఉన్నాయి. తేడా పెంపకంలో చాలా ఉంటుంది. కానీ "తప్పు జాతిది కాదు, పెంపకానిది" అని గట్టిగా వాదించేవాళ్లు ఆ వాక్యంలో పెంపకం ఎవరిదో చూసుకోరు.

టైగర్ వైపు నుంచి ఆలోచిద్దాం, దానికి వకీలు ఎవరూ లేరు కాబట్టి. పోస్టుమాన్ వస్తాడు. అది మొరుగుతుంది. ఉత్తరం పడేసి పోస్టుమాన్ పోతాడు. పని అయిపోయింది కాబట్టి పోయాడని దానికి తెలియదు, తను మొరిగినందుకే పారిపోయాడని దాని లెక్క. రోజుకు నలుగురు, ఏడాదికి వెయ్యిమందికి పైగా శత్రువులను తరిమికొట్టిన వీరుడు కదా! ఒకనాడు మొరిగినా పోని మనిషి వస్తాడు, చందా పుస్తకంతో. అప్పుడది తర్వాతి మెట్టు ఎక్కుతుంది. ఎక్కే ముందు చెప్తుంది కూడా. ఒళ్లు బిగుసుకుంటుంది, మూతి నాక్కుంటుంది, కళ్ల తెల్లగుడ్డు కనబడుతుంది, గుర్రుమంటుంది. తోక ఊపుతున్నా సరే, బిర్రుగా ఊపితే అది స్నేహం కాదు. ఆ గుర్రు దాని మర్యాద: దూరం పో అని అడగడం. మనవాళ్లు అప్పుడేం చేస్తారు? వచ్చినవాళ్ల ముందు పరువు పోతోందని నెత్తిన ఒకటి మొట్టుతారు. నాలుగు దెబ్బలు తిన్నాక గుర్రుమనడం మానేస్తుంది. కరవడం మానదు. "చెప్పా పెట్టకుండా కరిచింది సార్" అని ఆశ్చర్యపోతారు. చెప్పింది, మీరే నోరు మూయించారు.

ఇప్పుడు కదిరి కొండల్లోకి పోదాం. గొర్రెల మంద దగ్గరికి మీరు నడిచిపోతుంటే రెండు నాటుకుక్కలు ఎదురొస్తాయి. కాపరి చెట్టుకింద ఉన్నా, గుట్ట మీద ఉన్నా, ముందు అరిచేది మిమ్మల్నే: "ఆడ్నే నిలబడు సామీ, కరుస్తాది!" ఆ తర్వాత కుక్కలను పిలుస్తాడు. రాకపోతే మట్టిపెళ్ల విసురుతాడు, వచ్చి మీకూ వాటికీ మధ్య నిలబడతాడు. అప్పుడు "యాడికి పోవల్ల?" అని అడుగుతాడు. గమనించండి, ఆయన దగ్గర బోర్డు లేదు, సర్టిఫికెట్ లేదు, రీలు లేదు. తోడేళ్ల నుంచి మందను కాయడానికి కొత్తవాళ్లను నమ్మని కుక్క ఆయనకు నిజంగా కావాలి. అయినా "ఏమీ చేయదు" అనే మాట ఆయన నోట రాదు. తన కుక్క ఏం చేస్తుందో ఆయనకూ తెలుసు, అయినా అబద్ధం ఆడడు. ఆ మనిషి ఇంటికి గేటే లేదు.

కొత్తవాళ్లంటే పడని కుక్కను పెంచడం నేరమేమీ కాదు. అలాంటి కుక్కనూ ప్రేమగా పెంచవచ్చు, అది పదేళ్లు సుఖంగా బతకవచ్చు, వీధిలో ఒక్కరికీ గాటు పడకుండా. ఆ పని చేస్తున్నవాళ్లు ఈ ఊళ్లో నాకు తెలుసు. వాళ్లు రీళ్లు తీయరు గనుక మీకు తెలియదు. వాళ్లింట్లో గేటుకూ వరండాకూ మధ్య ఇంకో తడిక తలుపు ఉంటుంది, ఒకటి మూశాకే రెండోది తెరుస్తారు. కాలింగ్ బెల్ గేటు బయట ఉంటుంది, లోపలి గోడకు కాదు. మీటరు వీధి వైపు గోడలోకి మార్పించుకున్నారు. బెల్ మోగితే కుక్క వెనక గదిలోకి పోయి పడుకుంటుంది, అక్కడ దానికి ఓ ఎముక దొరుకుతుంది కాబట్టి. మనుషులొస్తే మంచి జరుగుతుందని దానికి నెమ్మదిగా, దూరం నుంచి, నెలల తరబడి నేర్పారు. కొట్టి కాదు. ఉన్నట్టుండి కోపం ఎక్కువైతే ముందు పశువైద్యుడికి చూపించారు, ఎందుకంటే చెవిపోటు, కీళ్లనొప్పి ఉన్న కుక్క కూడా కరుస్తుంది.

బయటికి తీసుకెళ్లేటప్పుడు మూతికి బుట్ట కడతారు. ఈ మాట ఎత్తితే మన టైగర్ గారి యజమానికి పౌరుషం పొడుచుకొస్తుంది. "మా టైగర్‌కు మూతికి బుట్టా? నామర్దా కాదా?" అయ్యా, శనక్కాయ చేలో గుంటక తోలేటప్పుడు ఎద్దు మూతికి చిక్కం కట్టడం మీ నాయన చూశాడు, మీ తాత కట్టాడు. పైరు మేయకుండా కట్టారు, ఎద్దును అవమానించడానికి కాదు. చిక్కం కట్టిన ఎద్దును చూసి ఏ ఊళ్లోనూ ఎవరూ నవ్వలేదు. కుక్కకు కట్టేదీ అదే వస్తువు, ప్లాస్టిక్కుదో తీగదో. ఒక్క జాగ్రత్త: మూతి బిగించే గుడ్డపట్టీ కాదు, బుట్టలాంటిదే కొనాలి. కుక్క నాలుక బయటపెట్టి రొప్పితేనే ఒంటి వేడి దిగుతుంది. మన ఎండల్లో మూతి బిగించి తిప్పితే అది కరవకముందే చస్తుంది. మొదటి రోజే తగిలించి తాడు పట్టి లాగకూడదు. బుట్ట అడుగున ఉప్పు లేని రెండు వేయించిన శనక్కాయ పప్పులు వేసి, అదే మూతి పెట్టేదాకా ఆగాలి. కదిరిలో ఉండి దానికి కూడా శనక్కాయలు కరువంటే నేను నమ్మను.

మనది ఉగ్రనరసింహుణ్ణి కూడా ప్రహ్లాదుడితో కలిపి కొలుచుకునే ఊరు. పసివాడు పక్కనుంటే అంత ఉగ్రమూర్తీ శాంతించాడంటారు. టైగర్ పక్కన నిలబడవలసిన మనిషి మాత్రం పేపరు చదువుకుంటున్నాడు.

నెలకు ఒక్క ఉదయం ఆయన్ను లేవమని అడుగుతున్నా. ఒకటో తారీకు తెల్లవారేసరికి సచివాలయం ఉద్యోగులు పింఛను డబ్బు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ఆ పింఛను మీ అమ్మగారిదే కావచ్చు. తెచ్చే అమ్మాయికి ఆ వీధిలో ఇంకా చాలా గేట్లున్నాయి. ఎమ్మెల్యే గారి కోసం కట్టిన గొలుసు ఇంట్లోనే ఉంది. ఆమె గేటు తట్టకముందే టైగర్‌ను వెనక వాకిట్లో కట్టి, ఆ తలుపుకు గడియ వేసి రండి.